కోచ్ ఎంత మంచివాడైనా తలుపు తెరిచే ఉండాలి

పిల్లల భద్రతకు ఏం చేస్తున్నారని ఏ స్పోర్ట్స్ అకాడమీని అడిగినా ముందుగా చూపించేది కోచ్‌ల పోలీస్ వెరిఫికేషన్ కాగితం. అది ఉండాల్సిందే. కానీ ఆ కాగితం చెప్పేది ఒక్కటే, ఈ మనిషి ఇంతవరకు దొరకలేదని. పిల్లల మీద అఘాయిత్యాలు చేసేవాళ్లలో చాలామందికి మొదటిసారి పట్టుబడేదాకా ఏ కేసూ ఉండదు. కాబట్టి వెరిఫికేషన్ పని పూర్తిచేసి పక్కన పెట్టి, అసలు శ్రమ వేరేచోట పెట్టాలి. ఎవరి కంటా పడకుండా ఒక కోచ్, ఒక పిల్ల లేదా పిల్లాడు ఒంటరిగా మిగిలే సందర్భాలు రోజువారీ ప్రాక్టీసులో ఎన్ని ఉన్నాయో వెతకాలి. వాటిని ఒక్కొక్కటిగా మూసెయ్యాలి.

నిబంధనలు రాయడం కష్టం కాదు, అందరికీ ఒకేలా అమలు చెయ్యడమే కష్టం. మినహాయింపు అడిగేది ఎప్పుడూ కొత్తగా చేరిన అసిస్టెంట్ కోచ్ కాదు. పతకాలు తెచ్చిపెట్టే సీనియర్ కోచ్‌కే ఆ చనువు ఉంటుంది. 'ఆయన సంగతి మాకు తెలీదా' అని కమిటీ సర్దుకుంటుంది. ఇప్పటివరకు బయటపడిన పెద్ద కేసుల్లో చాలావాటికి దారి ఈ చనువే.

అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ కేసు చూడండి. 2018 జనవరిలో మిషిగన్ కోర్టు అతనికి 40 నుంచి 175 ఏళ్ల జైలు శిక్ష వేసింది. ఆ విచారణలో 150 మందికి పైగా బాధితులు గొంతు విప్పారు. వాళ్లలో కొందరి విషయంలో, చికిత్స పేరుతో అతను లైంగికంగా వేధిస్తున్నప్పుడు తల్లో తండ్రో అదే గదిలో ఉన్నారు. తన ఒంటిని అడ్డుపెట్టి వాళ్లకు కనపడకుండా నిలబడేవాడు. ఇంగ్లండ్‌లో 2018లోనే 30 ఏళ్ల శిక్ష పడిన ఫుట్‌బాల్ యూత్ కోచ్ బారీ బెన్నెల్ ఇంటి నిండా వీడియో గేమ్ యంత్రాలు, పెంపుడు జంతువులు ఉండేవి. పిల్లలు అక్కడ రాత్రిళ్లు ఉండేవారు, తల్లిదండ్రులు తమ పిల్లాడికి అదృష్టం పట్టిందనుకునేవారు.

మచ్చిక చేసుకునే తీరు

ఇలాంటివాళ్లు ముందు మచ్చిక చేసుకునేది పిల్లల్ని కాదు, ఇంట్లోవాళ్లని. ఫీజు తగ్గిస్తారు, షూ కొనిపెడతారు, 'మీవాడిలో ఏదో ఉంది, నాకు వదిలెయ్యండి' అంటారు. తండ్రి లేని ఇల్లో, డబ్బుకు ఇబ్బంది పడే ఇల్లో, పిల్లాడి ఆట మీద ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్న ఇల్లో చూసుకుంటారు. తర్వాత చిన్న చిన్న గీతలు దాటి చూస్తారు. ప్రాక్టీసు అయ్యాక పది నిమిషాలు ఆపుతారు. వద్దన్న చాక్లెట్ ఇచ్చి 'మీ అమ్మకు చెప్పకు' అంటారు. ఒక బూతు జోకు వేస్తారు. స్ట్రెచింగ్ చేయిస్తూ చెయ్యి అవసరానికి మించి ఒక క్షణం ఉంచుతారు. ఎవరైనా అభ్యంతరం పెడితే నవ్వేసి వెనక్కి తగ్గుతారు. పెట్టకపోతే ఇంకో గీత దాటుతారు. చివరికి ఏదైనా జరిగేనాటికి ఆ బిడ్డ అప్పటికే అరడజను చిన్న రహస్యాలు దాచి ఉంటుంది. ఇప్పుడు చెబితే తననే తిడతారని భయపడుతుంది.

దీనికి తోడు సెలక్షన్ అధికారం. జట్టులో ఎవరుండాలో, ఎవరు ఏ టోర్నమెంటుకు వెళ్లాలో ఒక్కరే తేల్చే చోట ఏ పిల్లకూ 'వద్దు' అనే ధైర్యం ఉండదు. అందుకే కనీసం ముగ్గురు సెలక్షన్‌లో కూర్చోవాలి, ఎందుకు తీసుకున్నారో ఎందుకు తప్పించారో రెండు ముక్కలు రాసి ఉంచాలి. చాలామంది దీన్ని పిల్లల రక్షణ కింద లెక్కెయ్యరు గానీ, నా దృష్టిలో ఇది మొదటి వరసలో ఉండాల్సిన ఏర్పాటు.

కనపడాలి, ఎవరైనా మధ్యలో రాగలగాలి

అమెరికాలో 2017లో మొదలైన సేఫ్‌స్పోర్ట్ సెంటర్ నియమాల్లో ఒక కొలత ఉంది. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి ఉండే ప్రతి సందర్భమూ మరొకరి కంటికి కనపడాలి, ఎవరైనా ఎప్పుడైనా మధ్యలో వచ్చి ఆపగలిగేలా ఉండాలి. రెండూ కావాలి. అద్దాల గది లోపల గడియ పెట్టుకుంటే కనపడుతుంది, కానీ ఆపలేం. గడియ లేకపోయినా మూడో అంతస్తు చివరి గదిలోకి ఎవరూ వెళ్లరు.

ఈ కొలత పట్టుకుని అకాడమీ అంతా ఒకసారి తిరగండి. స్టోర్ రూమ్, వీడియో చూసే గది, జిమ్, ఫిజియో గది, కోచ్ ఆఫీసు, నీళ్ల ట్యాంకు వెనక ఖాళీ, అన్నీ. తలుపులకు లోపలి గడియలు తీసేయండి, అద్దం పెట్టించండి, అద్దానికి అంటించిన పోస్టర్లు పీకేయండి. అదనపు కోచింగ్ కావాలంటే మిగతా పిల్లలు ఆడుతున్న వేళలోనే, అదే మైదానంలో ఓ మూల చెయ్యాలి. తెల్లవారుజామున, అందరూ వెళ్లిపోయాక అనే వేళలు పెట్టకూడదు. తల్లిదండ్రులు వచ్చి కూర్చుని చూడకూడదు అనే నియమం ఎక్కడైనా ఉంటే ముందు దాన్ని కొట్టెయ్యాలి. వాళ్లు అరుస్తున్నారు, పిల్లల్ని కంగారు పెడుతున్నారు అంటారా, అరవొద్దని నియమం పెట్టండి, చూడొద్దని కాదు.

'ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి' అనే నియమం చాలా చోట్ల ఉంటుంది, చాలా చోట్ల విఫలమవుతుంది. రెండో మనిషి కోచ్ తమ్ముడో, కోచ్ దయతో ఉద్యోగం తెచ్చుకున్న కుర్రాడో అవుతాడు. లేకపోతే ఫోన్ రాగానే బయటికి వెళ్లి అరగంట రాడు. అసలు రాకపోతే 'ఈ ఒక్కరోజుకీ' అని క్లాసు నడిచిపోతుంది. కాబట్టి రెండో మనిషి రాకపోతే ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టాలి. దింపడానికి వచ్చిన తల్లిదండ్రుల్లో ఒకరు ఉండిపోతారు, లేదా ఆ రోజు క్లాసు రద్దు. సంఖ్య విషయానికొస్తే, బ్రిటన్‌లో పిల్లల రక్షణ సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఆరుగురికి ఒకరు, 9 నుంచి 12 వయసులో ఎనిమిది మందికి ఒకరు, 13 నుంచి 18 వయసులో పది మందికి ఒకరు ఉండాలని సూచిస్తుంది. పిల్లలు ఎంత తక్కువున్నా పెద్దవాళ్లు ఇద్దరికి తగ్గకూడదు.

డ్రెస్సింగ్ రూమ్ విషయం తొందరగా తేలిపోతుంది. ఫోన్లు బయట బుట్టలో పెట్టాలి. పెద్దవాళ్లు పిల్లలతో కలిసి బట్టలు మార్చుకోకూడదు, స్నానం చెయ్యకూడదు. లోపలికి వెళ్లాల్సి వస్తే తలుపు కొట్టి, కేకేసి, ఇద్దరు వెళ్లాలి. మ్యాచ్ ముందు మాటలు అందరూ బట్టలు వేసుకున్నాకే. ఇక్కడ పెద్దవాళ్ల కన్నా ఎక్కువ కనిపెట్టాల్సింది సీనియర్ పిల్లల్ని. కొత్తగా వచ్చినవాణ్ని 'జట్టులో కలుపుకోవడం' పేరుతో చేసే ర్యాగింగ్ మొదలయ్యేది ఈ గదిలోనే, అది లైంగిక హింస దాకా వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. లోపల కాకపోయినా మాటలు వినపడేంత దూరంలో ఒకరు ఉండాలి.

బండిలో చివరి పిల్ల

రవాణా గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. కోచ్ కారులో నలుగురు పిల్లలు ఎక్కుతారు, నలుగురున్నారు కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు. ఒక్కొక్కర్నీ దింపుతూ పోతే చివర్లో ఒకరు మిగులుతారు. దింపే వరస కోచ్ చేతిలో ఉంటే, ఆ ఒక్కరు ఎవరో ఎంచుకునేది కూడా ఆయనే. కాబట్టి చివరి ఇద్దర్నీ ఒకేచోట దింపాలి, లేదా అందర్నీ ఒకే స్థలంలో దింపితే తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్లాలి. ఏ కారులో ఎవరు, ఎన్నింటికి బయలుదేరారు, ఎన్నింటికి దిగారు అన్నది గ్రూపులో పెట్టాలి. ప్రాక్టీసు అయ్యాక ఒక పిల్ల కోసం ఎవరూ రాకపోతే కోచ్ తన బండి మీద తీసుకెళ్లకూడదు. ఇద్దరు పెద్దవాళ్లు గేటు దగ్గరే, వెలుతురులో కూర్చుని ఎదురుచూడాలి.

బయటూరి టోర్నమెంట్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇల్లు దూరం, రాత్రి ఉండాలి, అలసట ఉంటుంది, గెలుపోటముల ఉద్వేగం ఉంటుంది. ఏ పెద్దవాళ్లూ పిల్లలతో ఒకే గదిలో పడుకోకూడదు. సొంత బిడ్డయితే తప్ప దీనికి మినహాయింపు లేదు. పిల్లల్ని గదుల్లో వేసేటప్పుడు ఆడ మగ మాత్రమే చూసి ఊరుకుంటారు, వయసు చూడరు. పన్నెండేళ్లవాణ్ని పదిహేడేళ్లవాడితో ఒక గదిలో పెట్టొద్దు. గది నంబర్లు తల్లిదండ్రుల దగ్గర ఉండాలి. రాత్రి గదులు చూసేది ఇద్దరు, తలుపు తెరిచి, గుమ్మం దగ్గరే నిలబడి. వ్యూహం మాట్లాడాలన్నా, వీడియో చూపించాలన్నా హోటల్ లాబీలో చెయ్యాలి, కోచ్ గదిలో కాదు. పిల్లలు రోజుకోసారి తమ ఫోన్ నుంచే ఇంటికి మాట్లాడాలి, పక్కన ఎవరూ ఉండకూడదు. క్రమశిక్షణ పేరుతో టూరు మొత్తం ఫోన్లు లాక్కోవడం నాకు ఎప్పుడూ అనుమానాస్పదంగానే కనిపిస్తుంది.

ఫోన్ అన్నాం కాబట్టి మెసేజీల సంగతి. కోచ్ నుంచి పిల్లలకు వెళ్లే ప్రతి మెసేజీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే వెళ్లాలి. పిల్లే విడిగా మెసేజ్ పెడితే కోచ్ జవాబు గ్రూపులో ఇవ్వాలి, అది పిల్ల సొంత విషయమైతే తల్లినో తండ్రినో కలుపుకొని ఇవ్వాలి. వాటంతటవే మాయమయ్యే మెసేజీలు, విడి ఇన్‌స్టాగ్రామ్ సంభాషణలు, గేమ్‌లలో చాట్ ఏవీ ఉండకూడదు. టెక్నిక్ చూసుకోవడానికి తీసే వీడియోలు క్లబ్బు ఫోన్లో ఉండాలి, కోచ్ సొంత ఫోన్లో కాదు. స్విమ్మింగ్, జిమ్నాస్టిక్స్ లాంటి ఆటల్లో ఇది మరీ ముఖ్యం.

తాకడం, తూచడం, శిక్షించడం

తాకకుండా నేర్పలేని ఆటలు ఉన్నాయి. బార్ మీంచి తిరిగే పిల్లను పట్టుకోకపోతే మెడ విరుగుతుంది. కాబట్టి తాకకూడదు అనే నియమం నిలవదు. ఎక్కడ, ఎందుకు, ఎలా పట్టుకుంటారో ముందే చెప్పి చూపించాలి. 'ఇప్పుడు నడుం దగ్గర పట్టుకుంటాను, సరేనా' అని అడగాలి. సరే అనకపోతే వేరే దారి ఉండాలి, మెత్తని పరుపు మీద చెయ్యడమో, సులువైన కదలిక దగ్గరికి వెళ్లడమో. అలా అన్నందుకు మరుసటి రోజు జట్టులోంచి తప్పించకూడదు. కోచ్‌లు మసాజ్ చెయ్యకూడదు. ఫిజియో దగ్గరికి వెళ్తే, తోడెవరో పిల్లే ఎంచుకోవాలి. ఆ తోడు ఫిజియో చేతులు కనపడే వైపున కూర్చోవాలి, తలవైపు కాదు. నాసర్ గదిలో తోడున్నా లాభం లేకపోయింది ఇందుకే. లోదుస్తుల కింద చెయ్యి పెట్టాల్సిన చికిత్స అంటే అక్కడితో ఆపి, బయటి డాక్టర్ని రెండో అభిప్రాయం అడగాలి.

లైంగిక వేధింపుల గురించి ఇంత మాట్లాడుకున్నాక, అంతకన్నా ఎక్కువమంది పిల్లలకు తగిలే దెబ్బ గురించి కూడా చెప్పాలి. బ్రిటిష్ జిమ్నాస్టిక్స్ మీద 2022లో వెలువడిన స్వతంత్ర విచారణ నివేదిక, వైట్ రివ్యూ నిండా అదే ఉంది. బరువు గురించి అవమానించడం, తిండీ నీళ్లూ ఇవ్వకపోవడం, గాయంతోనే ఆడించడం, గట్టిగా అరవడం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2016 ప్రకటన కూడా మానసిక హింసే మిగతా హింసలన్నిటికీ పునాది అంటుంది. రోజూ తిట్లు తినే పిల్ల తన నొప్పికి విలువ లేదని నేర్చుకుంటుంది, ఆపైన ఇంకెవరేం చేసినా నోరెత్తదు.

బరువు విషయంలో నియమం సూటిగా ఉండాలి. కోచ్ తూచకూడదు, అందరి ముందూ తూచకూడదు, గోడ మీద అంకెలు రాయకూడదు. బరువు తరగతులున్న ఆటల్లో వైద్య సిబ్బందే చూడాలి, పిల్ల ఎదుగుతుందన్న లెక్కతో చూడాలి. ఎదిగే వయసులో బరువు పెరగకపోవడమే ప్రమాద సూచన. నెలసరి మూడు నెలలు ఆగితే అది కఠిన సాధనకు గుర్తు అని మురిసిపోవద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. తిండి చాలక ఎముకలు బలహీనపడి, ఒత్తిడికి పగుళ్లొచ్చేది ఇలాగే. నీళ్లు ఆపడం ఏ పరిస్థితిలోనూ శిక్షణ కాదు. శిక్షగా వందల కొద్దీ స్క్వాట్లు చేయించడం కూడా కాదు. అలవాటు లేని పిల్లకు ఒకేసారి అంత చేయిస్తే కండరాలు చితికి, ఆ వ్యర్థాలు మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. మూత్రం టీ రంగులో వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. గాయం మానిందో లేదో తేల్చేది కోచ్ కాకూడదు, ఫైనల్ రోజున అసలే కాకూడదు.

కఠినమైన శిక్షణకీ హింసకీ తేడా ఎలా తెలుస్తుంది అంటారు. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలుతుంది. దీనివల్ల ఆట మెరుగవుతుందా, తల్లిదండ్రులు చూస్తుండగా ఇదే చేస్తారా, పిల్ల ఆపమంటే ఆపుతారా.

చిన్న విషయాల పుస్తకం

ప్రతి క్లబ్బులో పిల్లల రక్షణకు ఒక బాధ్యుడో బాధ్యురాలో ఉండాలి. కోచ్ కాకూడదు, కోచ్‌కో యజమానికో చుట్టం కాకూడదు. ఫిర్యాదు ఆ మనిషి మీదే అయితే చెప్పుకోవడానికి క్లబ్బు బయట ఇంకొకరి నంబరు కూడా గోడ మీద, పిల్లల కంటి ఎత్తులో ఉండాలి.

ఆ బాధ్యుల దగ్గర ఒక పుస్తకం ఉంచండి. నేరం కాని చిన్న విషయాల కోసం. ఉదాహరణకు: 'మంగళవారం సాయంత్రం 6:40, స్టోర్ రూమ్ తలుపు మూసి ఉంది, లోపల ఫలానా కోచ్, ఒక అమ్మాయి. తలుపు కొడితే తెరిచారు. బంతులు లెక్కపెడుతున్నాం అన్నారు.' తేదీ, వేళ, చోటు, చూసింది, విన్న మాటలు. 'నాకెందుకో నచ్చలేదు' అని కాదు. ఒక్కో విషయం విడిగా చూస్తే ఏమీ కాదు. నెలలో నలుగురు వేర్వేరు మనుషులు ఒకే పేరు రాస్తే అప్పుడు కనపడుతుంది. పుస్తకం లేకపోతే ఆ నలుగురూ ఎవరికి వారు తమదే అపోహ అనుకుని ఊరుకుంటారు. దీనివల్ల మంచి కోచ్‌లకూ మేలే. తలుపు మూసిన కారణం ఆ రోజే చెప్పి రాయించుకోవచ్చు.

బిడ్డ నోరు విప్పినప్పుడు

ముందు మీ ముఖం అదుపులో పెట్టుకోవాలి. మీరు అదిరిపోతే బిడ్డ అక్కడితో ఆపేస్తుంది. 'చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు' అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. 'నిన్ను కాపాడగలిగేవాళ్లకు మాత్రం చెప్పాలి' అనండి. ప్రశ్నలు తక్కువ, అవీ తెరిచి ఉన్నవి. 'తర్వాత ఏమైంది' అని అడగొచ్చు. 'సార్ నిన్ను అక్కడ తాకాడా' అని జవాబు నోట్లో పెట్టి అడగొద్దు. పదిమంది పదిసార్లు అడిగితే బిడ్డకు అదే మళ్లీ మళ్లీ నరకం, కోర్టులో వాంగ్మూలం కూడా బలహీనపడుతుంది. విన్న గంటలోపే బిడ్డ వాడిన మాటల్నే రాయండి, వాటిని మర్యాదైన మాటల్లోకి మార్చొద్దు. బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో ఉంచండి, ఫోన్లో ఏదీ చెరపొద్దు. శారీరకంగా ఏదైనా జరిగుంటే వెంటనే, ఆలస్యమైనా 72 గంటల లోపు ఆసుపత్రికి చేరాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులకు అదే గడువు.

క్లబ్బు చెయ్యకూడని పని ఒకటుంది, సొంత విచారణ. కోచ్‌ను పిలిచి 'ఏంటి ఇలా అంటున్నారు' అని అడిగారంటే, ఆధారాలు చెరిపేసుకోవడానికి, బిడ్డ ఇంటికి రాయబారం పంపడానికి అతనికి ఒక రాత్రి ఇచ్చినట్టే. నిజమో కాదో తేల్చడం పోలీసుల పని. భారతదేశంలో 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు, సంస్థ పెద్ద అయితే ఏడాది వరకు జైలు. అమెరికాలో 2018లో వచ్చిన చట్టం క్రీడా సంస్థల్లోని పెద్దవాళ్లకు 24 గంటల గడువు పెట్టింది. గడువు ఎందుకంటే, నాసర్ మీద అనుమానం 2015 జూన్‌లో జిమ్నాస్టిక్స్ సంస్థ చెవిన పడింది. వాళ్లు ఐదు వారాలు సొంతంగా విచారించుకుని అప్పుడు ఎఫ్‌బీఐకి చెప్పారు, అక్కడా నత్తనడకే. ఆ ఏడాది జులై నుంచి మరుసటి ఏడాది దాకా మరో 70 మంది, లేదా అంతకన్నా ఎక్కువమంది, అతని బారిన పడినట్టు సివిల్ కోర్టు పత్రాలు చెబుతున్నాయని 2021లో అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక రాసింది.

ఫిర్యాదు వెళ్లిన క్షణం నుంచి ఆ కోచ్ పిల్లల దగ్గరికి రాకూడదు. ఇది తీర్పు కాదని, ముందు జాగ్రత్త అని అతనికీ రాసి ఇవ్వాలి. బిడ్డ మాత్రం ప్రాక్టీసుకు వస్తూనే ఉండాలి. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు, 'గొడవ సద్దుమణిగేదాకా' బిడ్డను ఇంట్లో ఉండమంటారు, కోచ్ మైదానంలో ఉంటాడు. మిగతా తల్లిదండ్రులకు బిడ్డ పేరు, బిడ్డెవరో తెలిసిపోయే వివరాలు చెప్పొద్దు. ఒక విషయం అధికారుల దగ్గర ఉందని, ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే ఎవర్ని కలవాలో చెప్పి ఆపండి.

ఇక కోచ్ రాజీనామా చేస్తానంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పంపెయ్యొద్దు. ఒక క్లబ్బులో మాటొచ్చినవాడు మరో ఊళ్లో అకాడమీ తెరవడం ఇలాగే జరుగుతుంది. వెళ్లిపోయినా ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్లాలి, ఫైలు క్లబ్బులో ఉండాలి. కొత్తగా కోచ్‌ను తీసుకునేవాళ్లు పాత చోటికి కాగితం పంపడంతో ఆగకుండా స్వయంగా ఫోన్ చెయ్యాలి. అతను రాసిచ్చిన నంబరుకు కాదు, ఆ క్లబ్బు నంబరు మీరే వెతికి. 'తేలినా తేలకపోయినా ఇతని మీద పిల్లల విషయంలో ఎప్పుడైనా ఫిర్యాదు వచ్చిందా, మళ్లీ పిల్లలతో పనిచెయ్యనిస్తారా' అని అడగాలి. అవతలివాళ్లు తడబడినా, 'ఈమెయిల్ పెట్టండి' అని తప్పించుకున్నా, ఆ సంగతి కూడా తేదీతో సహా ఫైల్లో రాసుకోండి.